ఒకే మిల్లు, రెండు వలసలు: హుగ్లీ తీరంలో తెలుగువారు, భోజ్‌పురీలు

కోల్‌కతాలో డైమండ్ హార్బర్ రోడ్డు పట్టుకుని దక్షిణంగా వెళ్తే, ఖిదిర్‌పూర్ కూడలి దాటాక మోమిన్‌పూర్‌కు ముందు వచ్చే పేట ఏక్‌బాల్‌పూర్. దగ్గర్లోనే ఓడరేవు. దుకాణాల బోర్డుల మీద బెంగాలీతో పాటు ఉర్దూ కనిపిస్తుంది. ఇక్కడి కుటుంబాలు చాలావాటి మూలాలు బిహార్‌లోనో తూర్పు ఉత్తరప్రదేశ్‌లోనో ఉంటాయి. ఓడల్లో సరుకు దింపడానికి, గోదాముల్లో బస్తాలు మోయడానికి వచ్చినవాళ్లు రేవు చుట్టుపక్కలే గదులు చూసుకున్నారు.

అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో, నది ఒడ్డున గార్డెన్ రీచ్‌లో, ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. ఇది ఒకప్పటి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్యాలయం. ఆ రైల్వే పట్టాలు కోస్తా వెంబడి ఉత్తరాంధ్ర దాకా వచ్చాయి. ఆ పట్టాల మీదుగానే తెలుగువాళ్లు గార్డెన్ రీచ్‌కు, ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు, హుగ్లీ తీరంలోని జూట్ మిల్లులకు చేరారు. రేవు, రైలు, మిల్లు: ఈ మూడు పనుల చుట్టూ పెరిగిన నగరంలో రెండు వలస సమాజాలు నూరేళ్లకు పైగా పక్కపక్కనే బతికాయి.

ఇలాంటి రెండు సమాజాలను చూడగానే ఎవరికైనా ఒక ప్రశ్న వస్తుంది. వీళ్లలో ఎవరు బాగుపడ్డారు, ఎందుకు? దానికి జవాబు కూడా అంతే త్వరగా వస్తుంది. వాళ్ల సంస్కృతి అలాంటిదనో, వీళ్లు కష్టపడే రకమనో, వాళ్లు ఊరిని వదలలేరనో అనేస్తారు. ఆ జవాబు నిజమో కాదో పరీక్షించి చూడవచ్చు. చరిత్ర అనుకోకుండా అందుకు కావలసిన ప్రయోగాన్ని ఏర్పాటు చేసి పెట్టింది.

వలసను కొలిచే ఒక చిన్న పరికరం

సమాజం ఆర్థిక స్థితిని కొలవడానికి ఆదాయం, ఇల్లు, చదువు లాంటి సూచికలు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు చూడవలసింది చాలా మామూలు అంకె, వలస వచ్చినవారిలో లింగ నిష్పత్తి. ప్రతి వెయ్యి మంది పురుషులకు ఎందరు స్త్రీలున్నారన్న లెక్క అది. జ్వరం ఉందో లేదో థర్మామీటర్ చెప్పినట్టు, వచ్చినవాళ్లు ఉండిపోవడానికి వచ్చారా, సంపాదించుకుని వెళ్లిపోవడానికి వచ్చారా అన్నది ఈ అంకె చాలావరకు చెప్పేస్తుంది.

1901 ప్రాంతంలో కలకత్తాలో ఇద్దరు పురుషులకు ఒక స్త్రీ చొప్పున ఉండేవారు. అంటే అది సంసారాల నగరం కంటే ఎక్కువగా మెస్‌ల నగరం. ఈ లోటు పూడడానికి వందేళ్లు పట్టింది. 2001 జనగణనలో కోల్‌కతా లింగ నిష్పత్తి 829, 2011లో 908.

ఖిదిర్‌పూర్‌కూ ఈ అంకెకూ పాత సంబంధం ఉంది. 1834 నుంచి మారిషస్‌కు, ఆ తర్వాత గయానా, ట్రినిడాడ్, సురినామ్, ఫిజీలకు ఒప్పంద కూలీలను ఓడలెక్కించిన డిపోలు ఈ నది ఒడ్డునే ఉండేవి. 2011లో ఖిదిర్‌పూర్ డిపో దగ్గర వాళ్ల జ్ఞాపకార్థం ఒక స్మారకం వెలిసింది. మొదట్లో ఓడలెక్కింది దాదాపు అందరూ మగవాళ్లే. స్త్రీలు లేని తోటల్లో అశాంతి పెరగడంతో బ్రిటిష్ ప్రభుత్వం, ప్రతి వంద మంది పురుషులకు కనీసం నలభై మంది స్త్రీలు ఉండాలని నిబంధన పెట్టింది. అలా లింగ నిష్పత్తిని చట్టమే నిర్ణయించింది. ఈ సంగతితో కాసేపటి తర్వాత మళ్లీ పని పడుతుంది.

హుగ్లీ తీరపు ప్రయోగశాల

రెండు సమాజాలను పోల్చడంలో అసలు చిక్కు ఏమిటంటే, వాటి మధ్య తేడాలు ఒకేసారి చాలా ఉంటాయి. వచ్చిన కాలం, చేసే పని, చదువు, చట్టపరమైన హోదా అన్నీ వేరైతే, ఫలితంలో కనిపించే తేడాకు కారణం ఏదో చెప్పలేం. భౌతికశాస్త్రంలో అయితే ఒక్కటి తప్ప మిగతా రాశులన్నిటినీ స్థిరంగా ఉంచి కొలుస్తారు. మనుషుల విషయంలో ఆ వీలు లేదు. పరిస్థితులే అలా కుదిరిన చోటు కోసం వెతుక్కోవాలి. దాన్నే సహజ ప్రయోగం అంటారు. హుగ్లీ జూట్ మిల్లులు అలాంటి చోటు.

జూట్ మిల్లు ఉత్తరాంధ్ర పాఠకులకు కొత్తేమీ కాదు. నెల్లిమర్ల, చిట్టివలస పేర్లు చెబితే చాలు. అయితే ఈ పరిశ్రమకు పుట్టినిల్లు హుగ్లీ తీరం. 1855లో రిష్రాలో మొదటి మిల్లు మొదలైంది. తొలి దశాబ్దాల్లో పనివాళ్లు ఎక్కువగా స్థానిక బెంగాలీలే. పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి మిల్లులు వేగంగా పెరిగి స్థానికులు చాలలేదు. బెంగాల్‌లో కూలీల పరిస్థితి మీద 1906లో ఫోలీ అనే అధికారి నివేదిక ఇచ్చే నాటికి, మిల్లుల్లో బయటి ప్రాంతాలవారిదే పైచేయి అయింది. సారణ్, షాబాద్, బలియా, గాజీపూర్ జిల్లాల నుంచి భోజ్‌పురీ మాట్లాడేవాళ్లు వచ్చారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువాళ్లు వచ్చారు. అప్పట్లో శ్రీకాకుళం ప్రత్యేక జిల్లా కాదు. ఈ రెండు జిల్లాలూ మద్రాసు రాష్ట్రంలో ఉండేవి కాబట్టి మిల్లు రికార్డుల్లో తెలుగువాళ్లందరూ ‘మద్రాసీలు’.

(ఆ జిల్లాల్లో ‘వలస’ అన్న మాట ఊళ్ల పేర్లలోనే కలిసిపోయింది. నేటికీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో హౌరా రైలెక్కేవాళ్లు నిలబడేది ఆమదాలవలసలోనే.)

రెండు సమాజాలూ దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. యజమానులు వాళ్లే, యంత్రాలు అవే, సర్దార్ల పెత్తనమూ ఒకటే. పనిలో పెట్టుకున్నందుకు సర్దారుకు మామూలు ఇచ్చుకోవాలి, అప్పు కావాలన్నా అతని దగ్గరికే వెళ్లాలి. టిటాగఢ్‌లోనో జగద్దల్‌లోనో కూలీ లైన్లలో పక్కపక్క గదులు. మారిందల్లా ఒకటే. భోజ్‌పురీ మగవాళ్లు ఎక్కువగా ఒంటరిగా వచ్చారు, తెలుగువాళ్లు ఎక్కువగా కుటుంబాలతో వచ్చారు.

మిల్లుల్లో పనిచేసే స్త్రీల పరిస్థితి మీద 1920ల తొలినాళ్లలో డాక్టర్ డాగ్మార్ కర్జెల్ జరిపిన విచారణ నుంచి, తర్వాతి రాయల్ కమిషన్ నివేదికల మీదుగా, సమితా సేన్, టిటాగఢ్ కార్మికులను అధ్యయనం చేసిన అర్యన్ డి హాన్ వంటి పరిశోధకుల పుస్తకాల దాకా ఈ తేడా మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తెలుగు స్త్రీలు భర్తలతో వచ్చి, వాళ్లతో పాటే మిల్లులో పనికి వెళ్లారు. నార సిద్ధం చేసే విభాగంలో, సంచులు కుట్టే చోట వాళ్లు కనిపించేవారు. భోజ్‌పురీ కార్మికుడి భార్య మాత్రం ఊళ్లోనే ఉండేది. పొలం, అత్తామామలు, పిల్లలు ఆమె బాధ్యత. అతను ఏటా పంటకోతలకో పెళ్లిళ్లకో ఊరెళ్లి మళ్లీ మిల్లుకు వచ్చేవాడు. ఈ ఎడబాటు మీద భిఖారీ ఠాకూర్ రాసిన ‘బిదేసియా’ నాటకం భోజ్‌పురీ నేలంతా పాకింది. సారణ్ జిల్లాలో పుట్టిన ఆయన కూడా సంపాదన కోసం ఖరగ్‌పూర్ వెళ్లి క్షురకుడిగా పనిచేసినవాడే.

సంస్కృతి అంటే సరిపోతుందా?

ఇక్కడే ‘సంస్కృతి’ వాదం బలంగా కనిపిస్తుంది. బిహార్ గ్రామాల్లో ఆడవాళ్లను బయట పనికి పంపరు, తెలుగు పల్లెల్లో కూలి కులాల స్త్రీలు పొలం పనికి వెళ్లడం మామూలే, కాబట్టి తేడా అలా వచ్చిందంటారు. అందులో కొంత నిజముంది. కానీ పరీక్ష అక్కడితో పూర్తి కాదు.

వైద్య పరిశోధనలో ఒక పద్ధతి ఉంది. రెండు బృందాలకు రెండు మందులిచ్చి, కొంత కాలం తర్వాత ఆ మందులను తారుమారు చేసి చూస్తారు. ఫలితం మనిషిని బట్టి వస్తోందా, మందును బట్టి వస్తోందా అన్నది అప్పుడు తేలుతుంది. ఇక్కడ మందు స్థానంలో గమ్యాన్ని పెట్టి చూడవచ్చు. ఎందుకంటే ఈ రెండు సమాజాలూ కలకత్తాకు మాత్రమే వెళ్లలేదు.

అవే ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, అదే కాలంలో, కలకత్తా కంటే పెద్ద ప్రవాహం బంగాళాఖాతం దాటి రంగూన్‌కు వెళ్లింది. అక్కడి రేవులో సరుకు మోసేవాళ్లలో, బియ్యం మిల్లు కూలీల్లో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. 1930 మేలో రంగూన్‌లో చెలరేగిన అల్లర్లకు మూలం తెలుగు రేవు కూలీల సమ్మె, వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకోవడం. ఆ తెలుగువాళ్లు ఎలా వెళ్లారు? అత్యధికులు ఒంటరి మగవాళ్లుగానే. బర్మాకు భారతీయుల వలస మీద 1941లో బ్యాక్స్‌టర్ ఇచ్చిన నివేదికలోనూ, అంతకు ముందరి బర్మా జనగణనలోనూ తెలుగువారిలో స్త్రీల వాటా చాలా తక్కువ. రంగూన్‌లో తెలుగువాళ్లు కలకత్తాలోని భోజ్‌పురీల్లా బతికారు. గుంపుగా ఒక గదిలో ఉండి, సీజను అయ్యాక ఓడెక్కి ఇంటికి వచ్చేవారు.

భోజ్‌పురీల విషయం కూడా ఇలాగే తిరగబడింది. ఖిదిర్‌పూర్ డిపో నుంచి ఓడలెక్కి ట్రినిడాడ్‌కు, ఫిజీకి వెళ్లినవాళ్లలో అవే సారణ్, షాబాద్ ప్రాంతాల జనం చాలామంది. వందకు నలభై నిబంధన వల్ల అక్కడికి స్త్రీలు కూడా వెళ్లారు, తోటల్లో పనిచేశారు. ఒప్పందం ముగిశాక ఎక్కువమంది తిరిగి రాలేదు. కుటుంబాలు ఏర్పడ్డాయి, భూమి కొన్నారు, పిల్లలు అక్కడే పెరిగారు. హౌరాకు వచ్చిన అన్న ఏటా ఊరికి వెళ్లివస్తుంటే, అదే రేవు నుంచి సముద్రం దాటిన తమ్ముడు మరో దేశపు పౌరుడయ్యాడు.

మనుషులు, భాష, కులాలు అవే. గమ్యం మారగానే వలస రూపం మారింది. జూట్ మిల్లు స్త్రీలకూ పని ఇచ్చింది కాబట్టి తెలుగు కుటుంబం కదిలింది. రంగూన్ రేవు మగవాళ్ల భుజాలనే అడిగింది కాబట్టి మగవాళ్లే వెళ్లారు. సంస్కృతి ప్రభావం పూర్తిగా లేదని కాదు. అదొక్కటే అయితే ఈ తారుమారు జరగకూడదు.

అంకెలు ఎలా తలకిందులవుతాయి

రెండు రకాల వలసల్లో ఎవరి ఆర్థిక స్థితి మెరుగు? లెక్క తేలికగా ఉండటానికి ఊహించిన అంకెలతో చూద్దాం. మిల్లులో మగవాడి జీతం నెలకు 20 రూపాయలు, స్త్రీ జీతం 12 రూపాయలు అనుకుందాం.

భోజ్‌పురీ కార్మికుడు నగరంలో ఒంటరిగా ఉన్నాడు. సర్వేకు వచ్చినవారు అతని గదిలో లెక్క వేస్తే తలసరి ఆదాయం 20. పక్క గదిలో తెలుగు భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు. ఇద్దరి జీతం 32 రూపాయలను ఐదుగురికి పంచితే తలకు 6.40. నగరంలో తీసిన లెక్క ప్రకారం మొదటివాడు మూడు రెట్లు సంపన్నుడు.

ఇప్పుడు మొదటివాడి ఊరికి వెళ్దాం. అక్కడ ఐదుగురున్నారు. పొలం మీద 10 రూపాయలు వస్తుంది. అతనితో కలిపి ఆరుగురికి 30 రూపాయలు, తలకు 5. వరస మారిపోయింది, ఇప్పుడు తెలుగు కుటుంబమే మెరుగు. జీతాల్లో ఒక్క పైసా మారలేదు. మారింది ‘కుటుంబం’ అన్నదానికి మనం గీసిన గీత ఒక్కటే.

ఇక మూడో లెక్క. మిల్లు స్త్రీలను పనిలోంచి తీసేసింది. తెలుగు ఇంట్లో మిగిలింది 20 రూపాయలు, తినేవాళ్లు ఐదుగురు, తలకు 4. వరస మళ్లీ తిరగబడింది.

అంకెలు ఊహే గానీ ఆ మూడో లెక్కలోని సంఘటన ఊహ కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో బెంగాల్ జూట్ మిల్లు కార్మికుల్లో దాదాపు ఆరో వంతు స్త్రీలుండేవారు. 1970ల నాటికి ఆ వాటా రెండు మూడు శాతానికి పడిపోయింది. కారణం ఒక్కటి కాదు. సంచులు కుట్టే పనిలోకి యంత్రాలు వచ్చాయి. షిఫ్టుల పద్ధతి మారింది. 1948 ఫ్యాక్టరీల చట్టం స్త్రీలను రాత్రి షిఫ్టులో పెట్టకూడదంది. ప్రసూతి సెలవుల చట్టం వచ్చాక ఆ ఖర్చు తప్పించుకోవడానికి యజమానులు స్త్రీలను తీసుకోవడం తగ్గించారు. స్త్రీల రక్షణకు తెచ్చిన చట్టాలు వాళ్లకు ఉద్యోగాలు పోవడానికి సాకుగా మారడం ఈ కథలోని అన్నిటికంటే చేదు భాగం.

ఆ దెబ్బ రెండు సమాజాల మీదా ఒకేలా పడదు. రెండు జీతాల మీద నిలబడ్డ ఇంట్లో ఒక జీతం పోతే, ఆ లోటు పూడ్చడానికి వెనకాల పొలం ఉండదు. కుటుంబమంతా నగరానికి వచ్చేశాక ఊళ్లో మిగిలే ఆసరా కొద్దే. ఒంటరి వలసదారుకు మిల్లు మూతబడినా, జబ్బు చేసినా, సమ్మె నెలల తరబడి సాగినా ఊరు ఒక రకం బీమా. 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ కూడా ఈ ఊరి బంధాన్ని కార్మికుడికి మేలు చేసేదిగానే చూసింది. అయితే ఆ బీమాకు ప్రీమియం కట్టింది ఊళ్లో ఉండిపోయిన భార్య. జీతం లేకుండా పొలం చేసి, పిల్లలను పెంచి, ముసలివాళ్లను చూసుకుంది. మిల్లు యజమాని ఒక మనిషికి సరిపడే జీతమిచ్చి ఆరుగురి కుటుంబాన్ని నడిపించగలిగాడంటే, మిగతా ఖర్చు ఆమె భరించినందువల్లే. ఏ మిల్లు లెక్కల పుస్తకంలోనూ ఆమె పేరు లేదు.

రైల్వే దారి వేరు. ఖరగ్‌పూర్‌లో, గార్డెన్ రీచ్‌లో ఉద్యోగానికి క్వార్టర్స్, పాసులు, ఆస్పత్రి, తర్వాత పింఛను ఉన్నాయి. 1920ల చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల పోరాటాలను నడిపినవారిలో బరంపురం నుంచి వచ్చిన వి.వి. గిరి ఉన్నారు. తర్వాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. జూట్ మిల్లు లైన్లోని తెలుగు కుటుంబాన్నీ, రైల్వే క్వార్టర్స్‌లోని తెలుగు కుటుంబాన్నీ కలిపి ‘బెంగాల్ తెలుగువారి సగటు’ తీస్తే, వచ్చే అంకె ఆ ఇద్దరిలో ఎవరికీ సరిపోదు.

భాష ఒకటే, కాలం వేరు

దీనికి తిరగేసిన ఉదాహరణ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో దొరుకుతుంది. హుగ్లీ తీరంలో కాలం ఒకటి, భాషలు వేరు. అక్కడ భాష ఒకటి, కాలాలు వేరు. పందొమ్మిదో శతాబ్దం చివర ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్ బట్టల మిల్లులకు పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల జనం చేరారు. 1957లో ఆ దీవుల్లో ఒక అగ్నిపర్వతం బద్దలయ్యాక, మరుసటి ఏడాది అమెరికా ప్రత్యేక చట్టం చేసి మరికొందరిని రానిచ్చింది. చదువు తక్కువైనా చట్టబద్ధంగా, కుటుంబాలతో వచ్చి మిల్లు ఊళ్లలో ఇళ్లు కొనుక్కున్నారు.

పోర్చుగీసే మాట్లాడే బ్రెజిల్ వాళ్లు 1980ల నుంచి వచ్చారు. గవర్నడార్ వలడారెస్ అనే ఒక్క పట్టణం నుంచే పెద్ద ప్రవాహం సాగింది. అజోర్స్ రైతుల కంటే ఎక్కువ చదువుకున్నవాళ్లు వీళ్లలో చాలామంది. కానీ వాళ్లు చేరేసరికి మిల్లులు మూతబడ్డాయి. పర్యాటక వీసా మీద వచ్చి గడువు దాటాక ఉండిపోయినవాళ్లకు ఇళ్లు శుభ్రం చేసే పని, భవన నిర్మాణ కూలి దొరికాయి. భాష ఒకటే కదా అని రెండు సమాజాలనూ ఒకే వరుసలో పెడితే, చదువు పెరిగితే హోదా తగ్గుతుందన్న వింత ముగింపు వస్తుంది. అసలు తేడా వచ్చిన కాలంలో, చేతిలోని కాగితాల్లో ఉంది.

జనగణన కంటికి ఎవరు కనిపిస్తారు

మన దగ్గర వలసకు అతిపెద్ద ఆధారం జనగణన. పుట్టిన చోటు, అంతకు ముందు నివసించిన చోటు, వచ్చి ఎన్నాళ్లయింది, ఎందుకు వచ్చారు అని అది అడుగుతుంది. 2011లో దేశంలో దాదాపు 45.5 కోట్ల మంది, అంటే జనాభాలో మూడో వంతుకు పైగా, వలసదారులుగా నమోదయ్యారు. వాళ్లలో మూడింట రెండొంతులు స్త్రీలు. చాలామందికి కారణం పెళ్లి. పని కోసం రాకపోకలు సాగించేవాళ్లు ఈ లెక్కకు సరిగ్గా చిక్కరు. అందుకే 2016-17 ఆర్థిక సర్వే రైల్వే అన్‌రిజర్వుడ్ టికెట్ల సమాచారం నుంచి అంచనా వేసింది. 2011-16 మధ్య రాష్ట్రాల మధ్య పని కోసం కదిలినవారు ఏటా సుమారు 90 లక్షలని చెప్పింది. భాష తేడా ఈ కదలికకు పెద్ద అడ్డంకి కాదని కూడా తేల్చింది. శ్రీకాకుళం నుంచి టిటాగఢ్ వెళ్లినవాళ్లకు ఆ సంగతి నూరేళ్ల క్రితమే తెలుసు.

హుగ్లీ తీరపు రెండు సమాజాలను ఈ ప్రశ్నలతో కొలిస్తే ఇంకో చిక్కు వస్తుంది. టిటాగఢ్ లైన్లో పుట్టిన తెలుగు అమ్మాయి పుట్టిన చోటు బెంగాల్, కాబట్టి లెక్క ప్రకారం ఆమె వలసదారు కాదు. ఆమెను గుర్తించాలంటే మాతృభాష పట్టిక చూడాలి. అదే మాతృభాష పట్టికలో భోజ్‌పురీని హిందీ కింద కలిపేస్తారు. ఏక్‌బాల్‌పూర్‌లో ఒకే జిల్లా నుంచి వచ్చి, ఇంట్లో ఒకేలా మాట్లాడుకునే ఇద్దరు పొరుగువాళ్లలో ఒకరు ఉర్దూ అని, మరొకరు హిందీ అని రాయించుకుంటారు. జన్మస్థలంతో కొలిస్తే తెలుగువాళ్లు తగ్గిపోతారు, భాషతో కొలిస్తే భోజ్‌పురీలు మాయమవుతారు. రెండు సమాజాలకూ ఒకేలా పనికొచ్చే కొలబద్ద ఆ పట్టికల్లో లేదు.

ఈ లెక్కల ప్రభావం జీవితాల మీద పడుతుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషల్లో చోటు కల్పించాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఒకే చోట, కుటుంబాలుగా ఉండిపోయినందువల్లే తెలుగువాళ్లు ఒక భాషా సమూహంగా కనిపించి, అడగగలిగారు. అదే ఏడాది మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు దేశంలోని నగరాలన్నిటి నుంచి నడక పట్టినవాళ్లలో ఎక్కువమంది మాత్రం రెండో రకం వలసదారులు, రేషన్ కార్డు ఊళ్లో, పని నగరంలో ఉన్నవాళ్లు.

తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఏక్‌బాల్‌పూర్‌లో గది పంచుకుని ఉండే రేవు కూలీ ఆ రోజు కోల్‌కతా పట్టికలో ఒంటరి మనిషిగా చేరతాడు. అతని భార్య, పిల్లలు బిహార్ పట్టికలో వేరే ఇంటి నంబరు కింద ఉంటారు. ఆ రెండు ఇళ్లూ ఒకే కుటుంబమని కలిపి చూపే గడి ఏ పట్టికలోనూ ఉండదు.